మూగజీవానికి మాట ఇచ్చిన అన్నా స్యూయెల్



మీ ఇంటి పెరట్లో ఏడెనిమిదేళ్ల పిల్లవాడు తూనీగ తోకకు దారం కట్టి ఎగరేస్తూ ఆడుకుంటున్నాడనుకోండి. మీరేం చేస్తారు? మనలో చాలామందిమి కేకలేస్తాం. దారం లాక్కుంటాం. మరీ కోపం వస్తే రెండు తగిలిస్తాం. వాడు ఏడుస్తూ వెళ్లిపోతాడు. మరునాడు మన కంటపడని చోట మళ్లీ ఓ తూనీగను పడతాడు. పెద్దవాళ్లు చూస్తే కొడతారన్న సంగతి మాత్రమే వాడు నేర్చుకున్నాడు. తూనీగకు నొప్పి పుడుతుందన్న సంగతి నేర్చుకోలేదు.

మూగజీవాల పట్ల దయను పిల్లలకు ఎలా నేర్పాలి? సుమారు నూట యాభై ఏళ్ల క్రితం ఇంగ్లండులో ఒక స్త్రీ ఈ ప్రశ్నకు చక్కని జవాబు చెప్పింది. ఆమె ఏ సంఘమూ స్థాపించలేదు. సభలెక్కి ప్రసంగాలు చేయలేదు. సొంతకాళ్ల మీద నాలుగడుగులు వేయడమే ఆమెకు కష్టం. చివరి ఏళ్లన్నీ ఇల్లు కదలకుండా సోఫా మీదే గడిపింది. అక్కడే, ఓపిక ఉన్నప్పుడల్లా నాలుగు వాక్యాల చొప్పున, ఒకే ఒక్క పుస్తకం రాసింది. ఆ పుస్తకమే ‘బ్లాక్ బ్యూటీ’. ఒక నల్లని గుర్రం తన జీవితకథను తానే చెప్పుకునే నవల అది. మీ పిల్లల బడి గ్రంథాలయంలో ఆ పేరు మీరు చూసే ఉంటారు. అది రాసిన అన్నా స్యూయెల్ గురించి మాత్రం తెలిసినవారు తక్కువ. ఈ వారం ఆమె కథ చెప్పుకుందాం.

తల్లి ఒడే తొలి బడి

1820 మార్చి 30న ఇంగ్లండు తూర్పు తీరంలో, నార్‌ఫోక్ ప్రాంతంలోని గ్రేట్ యార్మత్ అనే రేవు పట్టణంలో అన్నా జన్మించింది. తండ్రి ఐజక్, తల్లి మేరీ. రెండేళ్లకు తమ్ముడు ఫిలిప్ పుట్టాడు. వారిది క్వేకర్ల కుటుంబం. ఆడంబరాలు లేకుండా, సాదా బట్టలు కట్టుకుని, మౌనంగా కూర్చుని ప్రార్థించే క్రైస్తవ సమాజం అది. యుద్ధాన్నీ, బానిసల వ్యాపారాన్నీ ఎదిరించి నిలిచిన సమాజం కూడా.

ఐజక్‌కు వ్యాపారం కలిసిరాలేదు. లండనులో పెట్టిన బట్టల దుకాణం దెబ్బతిన్నది. ఇల్లు మారడం, ఉన్నంతలో సర్దుకోవడం ఆ కుటుంబానికి అలవాటైపోయింది. పిల్లలకు తల్లి మేరీయే ఇంట్లో పాఠాలు చెప్పింది. పాఠాలకు కావలసిన పుస్తకాలు కొనేందుకు చేతిలో డబ్బు లేకపోతే, చిన్నపిల్లలు చదువుకునే చిన్న పుస్తకం ఒకటి తానే రాసి, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో వాటిని కొన్నది. చెట్టునూ పుట్టనూ, పురుగునూ పిట్టనూ చూపించి పిల్లలకు చదువు చెప్పిన తల్లి ఆమె. ఈ తల్లిని గుర్తుపెట్టుకోండి. అన్నా కథలో సగభాగం ఈమెదే.

ఆ పెంపకం ఎలాంటిదో తెలిపే చిన్న సంఘటన ఒకటి ఆ కుటుంబం చెప్పుకునేది. ఒకనాడు ఎవరో ఒకాయన తుపాకీతో పిట్టను కొట్టాడు. అది వచ్చి స్యూయెల్ వారి ఇంటి ఆవరణలో పడింది. పిట్టను ఇమ్మని ఆయన తలుపు తట్టాడు. వాకిట్లోకి వచ్చిన చిన్నపిల్ల అన్నా, అంత పెద్దమనిషిని నిలబెట్టి, క్రూరుడని మొహం మీదే అని, పిట్టను ఇచ్చేది లేదని తేల్చి చెప్పింది. పెద్దలను ఎదిరించడం ఆ ఇంట్లో నేర్పిన పాఠం కాదు. కాని ప్రాణం విలువ మాత్రం నేర్పిన పాఠమే.

సెలవులకు పిల్లలిద్దరూ నార్‌ఫోక్‌లో బక్స్టన్ అనే ఊళ్లో ఉన్న తల్లి తరఫు బంధువుల పొలానికి వెళ్లేవారు. అక్కడే అన్నా గుర్రం ఎక్కడం నేర్చుకున్నది.

ఒక్క అడుగు తప్పింది

అన్నాకు పన్నెండేళ్లు వచ్చాక కుటుంబం లండను శివార్లలోని స్టోక్ న్యూయింగ్టన్‌కు మారింది. అప్పుడే ఆమె మొదటిసారి బడిలో అడుగుపెట్టింది. రెండేళ్లు హాయిగా చదువుకున్నది. పద్నాలుగో ఏట, ఒకరోజు బడి నుండి వస్తుంటే వాన పట్టుకుంది. ఇంటికి త్వరగా చేరాలని పరుగెత్తింది. కాలు జారి పడింది. చీలమండలకు దెబ్బ తగిలింది.

అందరి పిల్లలూ పడతారు, లేస్తారు. అన్నా మాత్రం మళ్లీ మునుపటిలా లేవలేదు. ఆనాటి వైద్యం ఆ దెబ్బను నయం చేయలేకపోయింది. అప్పటి నుండి చనిపోయే వరకూ, అంటే మరో నలభై ఏళ్లకు పైగా, ఆమె ఎక్కువసేపు నిలబడలేకపోయింది. ఊతకర్ర లేకుండా దూరం నడవలేకపోయింది. సముద్రపు గాలి మేలు చేస్తుందేమోనన్న ఆశతో 1836లో తండ్రి బ్రైటన్‌లో బ్యాంకు ఉద్యోగానికి మారాడు. ఔషధ జలాలకు పేరుపొందిన యూరప్ పట్టణాలకూ ఆమెను పంపారు. కొంత ఉపశమనం, మళ్లీ నొప్పి. పెళ్లి చేసుకోలేదు. తల్లిదండ్రుల వద్దనే ఉండిపోయింది. పద్దెనిమిదేళ్ల వయసు దాటేసరికి తల్లీకూతుళ్లు ఇద్దరూ క్వేకర్ల సమాజాన్ని విడిచి ఇంగ్లండు సంఘంలో చేరారు.

ఇంట్లో ఇలా నడవలేని బిడ్డ ఉన్న తల్లిదండ్రులు మన విచారణల్లోనూ ఉన్నారు. ఈ బిడ్డ జీవితం ఇక ఇంతేనా అని రాత్రిళ్లు మేలుకుని ఆలోచించే తల్లులకు మేరీ స్యూయెల్ మనసు అర్థమవుతుంది.

గుర్రమే ఆమెకు కాళ్లు

నడవలేని అన్నాకు ఊళ్లోకి వెళ్లాలన్నా, చర్చికి వెళ్లాలన్నా గుర్రపు బండే దిక్కు. లాన్సింగ్ అనే ఊళ్లో ఉన్నప్పుడు, పనికి వెళ్లే తండ్రిని తన చిన్న బండిలో రైలు స్టేషనులో దించి, సాయంత్రం మళ్లీ తీసుకొచ్చేది. బండి తానే తోలేది.

ఆమె తోలే తీరు చూసిన ఒక స్నేహితురాలు తర్వాతి కాలంలో దాన్ని ప్రత్యేకంగా గుర్తుచేసుకున్నది. అన్నా పగ్గాలను ఊరికే చేతిలో పట్టుకుని కూర్చునేదట. చెర్నాకోలతో పనే ఉండేది కాదు. గుర్రంతో మాట్లాడేది. అది ఆ మాట విని నడిచేది. ఇందులో వింతేమీ లేదు. తన కాళ్లు తన మాట వినని మనిషి, తన కోసం నడిచే నాలుగు కాళ్లను ఎంత గౌరవంగా చూస్తుందో అంత గౌరవంగానూ చూసింది. వేరొకరి కష్టం మీద తాను బ్రతుకుతున్నానన్న ఎరుక ఆమెకు క్షణక్షణం ఉండేది. ఆ ఎరుక మనకు ఎంతమందికి ఉంది?

ఆ స్నేహితురాలే ఆమెకు మరో మేలు చేసింది. అమెరికాకు చెందిన హోరేస్ బుష్‌నెల్ అనే బోధకుడు జంతువుల గురించి రాసిన వ్యాసం సంగతి చెప్పింది. మనిషి వల్ల మూగజీవాలు పడే బాధను గురించి ఒక పుస్తకం రావాలన్న ఆలోచన అన్నాలో అప్పటి నుండి నాటుకుంది.

సాదా మాటల విద్య

ఈ మధ్యలో తల్లి మేరీ అరవై ఏళ్ల వయసులో కవయిత్రిగా పేరు తెచ్చుకున్నది. కూలీలు, పనివాళ్లు, వారి పిల్లలు చదివి అర్థం చేసుకునేలా చిన్న చిన్న గేయకథలు రాసింది. ఆమె గేయకథ ఒకటి పది లక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. తల్లి రాసిన ప్రతి పంక్తినీ అన్నా వినేది. బాగులేని మాటను కొట్టేయమనేది. తల్లి మారు మాట్లాడకుండా కొట్టేసేది.

బ్రిస్టల్ నగరానికి దగ్గరలో ఉన్న విక్ అనే ఊళ్లో కాపురమున్నప్పుడు తల్లీకూతుళ్లు సాయంకాలాలు పనివాళ్లకు చదువు చెప్పారు. బొగ్గుగనుల్లో ఒళ్లు అలిసి వచ్చిన మనిషికి అక్షరం నేర్పాలంటే, పెద్ద పెద్ద మాటలు పనికిరావు. అలసిన మనిషి విసుగు చెందకుండా వినాలంటే మాట ఎంత తేటగా ఉండాలో అన్నా అక్కడ నేర్చుకున్నది. తర్వాత ఆమె పుస్తకం ఎనిమిదేళ్ల పిల్లకూ, చదువు అంతంతమాత్రమైన బండివాడికీ ఒకేలా అర్థమైందంటే, దానికి మూలం ఈ సాయంకాలపు బడి.

తల ఎత్తి కట్టిన గుర్రాలు

ఆనాటి ఇంగ్లండులో మోటారు వాహనాలు లేవు. రైలు పట్టాలు ఉన్నచోట తప్ప మిగతా రవాణా అంతా గుర్రం మీదే. మన ఊళ్లలో ఒకప్పుడు జట్కాబండి తిరిగినట్టు లండను వీధుల్లో వేలకొద్దీ అద్దె బండ్లు తిరిగేవి. బొగ్గు, ధాన్యం, ఇటుకలు, పెద్దమనుషులు, పెళ్లివారు, శవపేటికలు, అన్నిటినీ గుర్రాలే లాగేవి.

జంతువులను హింసించకూడదన్న చట్టం అప్పటికే ఉంది. రిచర్డ్ మార్టిన్ అనే పార్లమెంటు సభ్యుడి కృషితో 1822లో అది వచ్చింది. 1824లో ఆర్థర్ బ్రూమ్ అనే గురువు పూనికతో జంతుహింస నివారణ సంఘం ఏర్పడింది. మార్టిన్, బానిస వ్యాపారాన్ని ఎదిరించిన విల్బర్‌ఫోర్స్ అందులో ముఖ్యులు. నడివీధిలో గుర్రాన్ని చావబాదితే శిక్ష పడేది.

కాని ఎవరూ హింస అనుకోని హింస ఒకటి ఉండేది. ధనవంతుల బండ్లకు కట్టిన గుర్రాలు తల పైకెత్తి, మెడ వంచి ఠీవిగా కనబడాలని అదనంగా ఒక తోలు పట్టీ బిగించేవారు. నోట్లోని కళ్లానికి తగిలించి, వెనక్కి లాగి, వీపు మీది జీను పట్టీకి దాన్ని కట్టేవారు. ఇక గుర్రం తల దించలేదు. బరువు లాగుతూ గట్టు ఎక్కేటప్పుడు గుర్రం తల ముందుకు వంచి, ఒంటి బరువంతా భుజాల మీదికి తీసుకోవాలి. మనం బస్తా మోసేటప్పుడు ముందుకు వంగినట్టే. తల వెనక్కి బిగించి కట్టాక అదెలా సాధ్యం? మెడ నరాలు లాగేసేవి. ఊపిరి సరిగా ఆడేది కాదు. నోటి నుండి నురగ కారేది. చూసేవాళ్లు మాత్రం ఎంత అందమైన గుర్రాలో అని మెచ్చుకునేవారు.

ఆ పట్టీ బిగించమని ఆజ్ఞాపించినవారు క్రూరులు కారు. ఆదివారం చర్చికి వెళ్లేవారు, పేదలకు దానధర్మాలు చేసేవారు. వారికి తెలియదు. తెలుసుకోవాలని ఎన్నడూ అనుకోలేదు. అన్నా పోరాడినది ఈ తెలియనితనంతోనే.

సోఫా మీద సాగిన రచన

తమ్ముడు ఫిలిప్ భార్య ఏడుగురు పిల్లలను విడిచి చనిపోయింది. ఆ పిల్లలకు దగ్గరగా ఉండాలని 1867లో అన్నా, తల్లిదండ్రులు నార్విచ్ నగరం పక్కన ఓల్డ్ క్యాటన్ అనే ఊరికి మారారు. అక్కడికి వచ్చాక అన్నా ఆరోగ్యం బాగా క్షీణించింది. ఎక్కువ కాలం బ్రతకదని వైద్యులు అనుకున్నారు. బండి తోలడం కూడా పోయింది. ఇంట్లోంచి కదిలే పరిస్థితి లేదు.

1871 నవంబరు 6న ఆమె తన దినచర్యలో, ఒక గుర్రం జీవితకథ రాస్తున్నాననీ, క్రిస్మస్‌కు పిల్లలకివ్వడానికి బొమ్మలు, పెట్టెలు సిద్ధం చేస్తున్నాననీ రాసుకున్నది. ఆ రెండు పనులనూ ఆమె ఒకే వరుసలో రాసింది. అది కూడా పిల్లలకో, పనివాళ్లకో ఇచ్చే మరో చిన్న కానుక అన్నట్టు.

ఆ కానుక సిద్ధం కావడానికి దాదాపు ఆరేళ్లు పట్టింది. నెలల తరబడి ఒక్క ముక్క రాయలేని రోజులుండేవి. ఓపిక ఉన్నప్పుడు పెన్సిలుతో చిన్న చిన్న కాగితాల మీద రాసేది. అదీ చేతకాకపోతే చెప్పేది. డెబ్బై ఏళ్లు దాటిన తల్లి పక్కన కూర్చుని రాసుకుని, తర్వాత శుభ్రంగా సాపు రాసేది. ఒకప్పుడు తల్లి రాసినదాన్ని కూతురు దిద్దింది. ఇప్పుడు కూతురి మాటకు తల్లి చేయి అయింది.

ఆ రోజుల్లో జరిగిన ఒక సంగతి అన్నాను బాగా కదిలించింది. ఒక అద్దె బండి తోలేవాడు వారి గుమ్మం ముందు బండి ఆపి ఎదురుచూస్తున్నాడు. కిటికీ తెరిచి ఉంది. అన్నా అతనితో మాట కలిపింది. ఆదివారాలు తాను బండి కట్టననీ, అయితే భక్తిపరులు ఆదివారం కూడా బండ్లు పిలిపించుకుని చర్చికి వెళుతుంటే బండివాళ్లకు విశ్రాంతి దినమే లేకుండా పోతున్నదనీ అతడు బాధగా చెప్పాడు. బోధకులు కూడా అలాగే చేస్తున్నారనీ, అది మతానికే తలవంపు అనీ అన్నాడు. దేవుని ఆరాధనకు వెళ్లేవారి వల్లే ఒక పేదవాడికీ, అతని గుర్రానికీ ఏడో రోజు విశ్రాంతి లేదు! గుర్రాల గురించి ఆలోచించబోయి బండివాళ్ల కష్టం గురించీ ఆలోచించాననీ, వారి నిజస్థితిని సరిగ్గా చెప్పాలని ఉందనీ ఆమె రాసుకున్నది.

పాఠకులారా, ఈ సంఘటన దగ్గర మనం ఒక్క నిమిషం ఆగాలి. మన ఇంటి పెళ్లి ఊరేగింపుకు గుర్రాన్ని అద్దెకు తెస్తాం. ఇల్లు కట్టేటప్పుడు ఎద్దుల బండి మీద ఇసుక తోలిస్తాం. బండివాడు ఎద్దును కొడుతుంటే పాపం అనుకుంటాం. కాని ఇంకో పది తట్టలు వేయమన్నది ఎవరు? త్వరగా రమ్మని తొందర పెట్టింది ఎవరు? కిరాయి దగ్గర గీచి గీచి బేరమాడింది ఎవరు? దెబ్బ బండివాడి చేతిదే అయినా, అందులో మన వాటా కొంత ఉంటుంది.

గుర్రం చెప్పిన కథ

ఇక ఆ కథలోకి వద్దాం. పచ్చిక మైదానంలో, తల్లి పక్కన పరుగులు తీసే నల్లని గుర్రపు పిల్లతో కథ మొదలవుతుంది. మంచి యజమాని, మంచి సైసు, కడుపు నిండా మేత. చదివే పిల్లలకు ఆ గుర్రం స్నేహితుడైపోతుంది. అది మొదటిసారి నోట్లో కళ్లెం పెట్టించుకున్నప్పుడు, చల్లని ఇనుప ముక్క నాలుక మీద ఎలా ఉంటుందో అదే చెబుతుంది. చదివే పిల్లకు తన నోట్లోనే ఇనుము పెట్టినట్టుంటుంది.

జో గ్రీన్ అనే కుర్రవాడు సైసు దగ్గర పని నేర్చుకుంటుంటాడు. ఒక రాత్రి యజమానురాలికి ప్రాణం మీదికి వస్తే, వైద్యుణ్ణి తీసుకురావడానికి బ్లాక్ బ్యూటీ మైళ్ల కొద్దీ పరుగెత్తి, చెమటతో తడిసి తిరిగి వస్తుంది. జో దానికి కడుపునిండా చన్నీళ్లు పెడతాడు. ఒళ్లు వేడిగా ఉంది కదా అని పైన దుప్పటి కప్పడు. మంచి చేస్తున్నాననే అనుకుంటాడు. గుర్రం జబ్బు పడి చావుదాకా వెళుతుంది. తెలియక చేశాడు, పాపం పసివాడు అని ఎవరో వెనకేసుకొస్తే సైసు జాన్‌కు కోపం వస్తుంది. తెలియనితనం దుర్మార్గం అంత హాని చేస్తుందన్నది అతని మాట. అయితే జోను కథ అక్కడ వదిలేయదు. అతడు పని నేర్చుకుంటాడు. కొన్నాళ్లకు, ఇటుకల బండి కదలక గుర్రాలను గొడ్డును బాదినట్టు బాదుతున్న ఒకడిని చూసి, యజమానికి చెప్పి, న్యాయాధికారి ముందు నిలబడి సాక్ష్యం చెబుతాడు.

జింజర్ అనే ఆడగుర్రం కరుస్తుంది. అందరూ దాన్ని చెడ్డ గుర్రం అంటారు. అది తన చిన్ననాటి కథ చెప్పాక, ఎవరూ దాన్ని ప్రేమగా ముట్టుకోలేదనీ, బలవంతాన లొంగదీశారనీ తెలిశాక, పిల్లలు దాన్ని చెడ్డదనలేరు. రెండు గుర్రాలూ చేతులు మారుతూ మారుతూ చివరకు లండను వీధుల్లో అద్దె బండ్లకు కట్టబడతాయి. ఒకనాడు చిక్కి శల్యమైన జింజర్ ఎదురై మాట్లాడుతుంది. మరికొన్నాళ్లకు, చచ్చిన గుర్రాన్ని వేసుకుని ఒక బండి పక్కనుండి వెళ్లిపోతుంది. అది జింజరే అనిపిస్తుంది బ్లాక్ బ్యూటీకి. కష్టాలు తీరాయి కదా, జింజరే అయితే బాగుండునని కోరుకుంటుంది. అంతే. రక్తం లేదు, భయపెట్టే వర్ణన లేదు. అయినా చదివిన పిల్లలు తరతరాలుగా అక్కడ కంటతడి పెడుతూనే ఉన్నారు.

జెర్రీ బార్కర్ అనే బండివాడు పేదవాడైనా గుర్రాన్ని బిడ్డలా చూస్తాడు. డబ్బు తగ్గినా ఆదివారం బండి కట్టడు. కిటికీ దగ్గర మాట్లాడిన ఆ బండివాడి బాధ ఈ పాత్ర చుట్టూ మనకు వినబడుతుంది. చివరకు ముసలిదైపోయిన బ్లాక్ బ్యూటీ దయగల ఒక ఇంటికి చేరుతుంది. అక్కడి సైసు దాని మచ్చలు చూసి గుర్తుపడతాడు. అతడు మరెవరో కాదు, ఒకనాడు చన్నీళ్లు పెట్టిన జో గ్రీన్!

పంట చూడని రైతు

నార్విచ్‌లోని జారల్డ్ అనే సంస్థ ఆ పుస్తకం హక్కులను ఒక్కసారికే ఇచ్చే కొద్దిపాటి సొమ్ముకు కొన్నది. 1877 నవంబరు 24న పుస్తకం వెలువడింది. రచయిత్రికి అప్పుడు యాభై ఏడేళ్లు. అయిదు నెలలు తిరిగాయో లేదో, 1878 ఏప్రిల్ 25న ఆమె కన్నుమూసింది. పుస్తకానికి మంచి ఆదరణ మొదలైందన్న కబురు మాత్రం ఆమె చెవిన పడింది. ఆ తర్వాత జరిగినదేదీ ఆమె చూడలేదు.

నార్‌ఫోక్‌లోనే లామస్ అనే ఊరి క్వేకర్ల సమాధుల తోటలో ఆమెను ఉంచారు. శవయాత్ర ఇంటి నుండి బయలుదేరే వేళ తల్లి మేరీ బయటికి చూసింది. బండ్లకు కట్టిన గుర్రాలన్నిటికీ తలలు పైకెత్తి ఆ పట్టీలు బిగించి ఉన్నాయి. ఏ పట్టీకి వ్యతిరేకంగా తన బిడ్డ చివరి ఊపిరి దాకా రాసిందో, ఆ పట్టీయే బిడ్డ చివరి ప్రయాణంలో! ఎనభైకి చేరిన ఆ తల్లి, అంతటి దుఃఖంలోనూ, పట్టీలన్నీ విప్పించిన తర్వాతే యాత్ర కదలనిచ్చిందని చెబుతారు. తలలు దించుకుని స్వేచ్ఛగా నడిచిన గుర్రాలే అన్నాను సమాధికి చేర్చాయి.

అమెరికాలో బోస్టన్ నగరానికి చెందిన జార్జ్ ఏంజెల్ అనే న్యాయవాది ఉండేవాడు. పందెం పేరిట దూరాభారం పరుగెత్తించి రెండు గుర్రాలను చంపిన సంఘటన విని, 1868లో ఆయన మూగజీవాల రక్షణకు నడుం కట్టాడు. పెద్దలను మార్చడం కంటే పిల్లలకు నేర్పడం మేలని ఆయన నమ్మకం. ఇంగ్లండులో క్యాథరిన్ స్మితీస్ 1875లో ప్రారంభించిన దయా బృందాల పద్ధతిలో, 1882లో ఆయన అమెరికా బడుల్లో పిల్లల బృందాలు నెలకొల్పాడు. ప్రాణులన్నిటి పట్ల దయగా ఉంటామనీ, వాటిని హింస నుండి కాపాడతామనీ పిల్లలు మాట ఇచ్చేవారు. 1890లో ‘బ్లాక్ బ్యూటీ’ ఆయన చేతికి చిక్కింది. ఆనాటి అమెరికా చట్టం విదేశీ రచయితల హక్కులను గుర్తించేది కాదు. ఆయన అనుమతి లేకుండానే చవక ప్రతులు అచ్చువేయించి, బండివాళ్లకూ, సైసులకూ, బడిపిల్లలకూ పంచిపెట్టాడు. రెండేళ్లలో అక్కడ పది లక్షల ప్రతులు చెలామణి అయ్యాయని చెబుతారు. స్యూయెల్ కుటుంబానికి దాని వల్ల పైసా దక్కలేదు. గుర్రాలకు మాత్రం దక్కవలసినది దక్కింది. తల బిగించి కట్టే పట్టీ పెద్దింటి గొప్ప అన్న పేరు పోయి, సిగ్గుపడవలసిన పనిగా మారింది.

1892లో అమెరికాలోని అన్సోనియా పట్టణంలో ఆమె పేరున గుర్రాలు నీళ్లు తాగే తొట్టె కట్టించారు. ఆమె పుస్తకం ఇప్పటికి ప్రపంచమంతటా అయిదు కోట్ల ప్రతులకు పైగా అమ్ముడుపోయింది.

మన పిల్లలకు ఎలా చెబుదాం?

మన దేశంలోనూ రుక్మిణీదేవి అరండేల్ కృషి ఫలితంగా 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. చట్టం అవసరమే. కాని చట్టం దెబ్బ పడ్డ తర్వాత వస్తుంది. కథ దెబ్బ పడకముందే వస్తుంది, ఎత్తిన చేతిని ఆపుతుంది.

ఇవాళ పిల్లల చేతిలో సెల్‌ఫోను ఉంది, బడిలో కంప్యూటరు ఉంది. మూగజీవాల గురించి పిల్లలకు పాఠాలు, బొమ్మలు, ఆటలు తయారుచేసే ఉపాధ్యాయులూ యువతీయువకులూ మన కుటుంబాల్లోనే ఉన్నారు. అది తెర మీది పాఠమైనా, తాతయ్య చెప్పే కథయినా, అన్నా పద్ధతి పనికొస్తుంది. ఆమె జంతువును బాధతో పరిచయం చేయలేదు. ముందు స్నేహం కలిపింది. గాయాలు, నెత్తురు చూపించి పిల్లలను బెదరగొట్టలేదు, అలాగని చావును దాచనూ లేదు. అయ్యో అనిపించి వదిలేయలేదు. అలసిన గుర్రానికి ఏం చేయాలో, ఏం చేయకూడదో పనిగా నేర్పింది. పేద బండివాణ్ణి దుర్మార్గుడిగా నిలబెట్టలేదు. తప్పు చేసిన కుర్రవాడికి మళ్లీ అవకాశం ఇచ్చింది. అన్నిటికీ మించి, తాను మాట్లాడకుండా గుర్రాన్ని మాట్లాడనిచ్చింది.

మొదట చెప్పుకున్న పిల్లవాడి దగ్గరికి మళ్లీ వెళదాం. ఈసారి కేకలేయకండి. వాడి పక్కన కూర్చోండి. దారం కట్టించుకున్న తూనీగకు మాటలొస్తే ఏం చెబుతుందో చెప్పమని వాణ్ణే అడగండి. పొద్దున ఎక్కడ ఎగిరింది, దేనికోసం వెళుతోంది, దారం బిగిసినప్పుడు ఎలా ఉంది? కాసేపు ఆలోచిస్తాడు. తర్వాత మీరు చెప్పకుండానే వాడి వేళ్లు ఆ ముడి విప్పడం మొదలుపెడతాయి.